సాక్ష్యం చెప్పిన నోరు

భూమి లోపల, ఎవరి కంటికీ కనబడని చీకట్లో పసుపు కొమ్ముకు రంగు పోసిన దేవునికి స్తోత్రం. ఊపిరి ఇచ్చేది ఆయనే, తిరిగి తీసుకునేదీ ఆయనే. ఆ రెంటి నడుమ మా చేత పాటలు పాడించుకున్నందుకు ఆయన నామానికి మహిమ. బాగుపడిన వాళ్లను బట్టి ఆయనను స్తుతిస్తున్నాను. బాగుపడని వాళ్లను బట్టి స్తుతించడం ఇంకా నేర్చుకుంటున్నాను. అది నాకు పూర్తిగా రాలేదు. రానిదాన్ని వచ్చినట్టు చెప్పి స్తుతిస్తే ఆయనకు నచ్చదని నమ్మి ఇది రాస్తున్నాను.

ఆర్మూరులో మా మందిరం పసుపు గోదాముల వెనక సందులో ఉండేది. రేకుల కప్పు, నాలుగు స్తంభాలు, కింద చాపలు. పసుపు వచ్చే నెలల్లో తలుపులు మూసినా దుమ్ము లోపలికి వచ్చేది. పాటల పుస్తకాల అంచులు, హార్మోనియం మెట్లు, ప్రభు బల్ల మీది తెల్లగుడ్డ అన్నిటికీ ఆ రంగు పట్టేది. ఆ నెలల్లో ఊరంతా దగ్గేది. ఎందుకు దగ్గుతున్నావని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. పసుపు దగ్గు అనేవారు, వాన పడితే పోతుందనేవారు. టీబీ దాక్కోవడానికి మా ఊళ్లో అంతకంటే మంచి చోటు లేదు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ మందిరంలో హార్మోనియం వాయించేదాన్ని. ప్రభుత్వ దవాఖానలో టీబీ మందులు చూసే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, ఊరంతా ఆయన్ని టీబీ సార్ అనేది. ఒక సాయంత్రం ఆయన మా పాస్టరు గారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మందులు ఉచితం, కాని ఇంటికివ్వరు, రోజు విడిచి రోజు ఎవరో ఒకరి కళ్ల ముందు మింగాలి. దవాఖానలో ఆ గది తెరిచే వేళకు కూలివాళ్లు పనిలో ఉంటారు. పైగా ఆ గది ముందు నిలబడితే ఊరంతటికీ తెలిసిపోతుంది.

"కిరాయికున్నోళ్లను ఇల్లు ఖాళీ జెయ్యమంటున్రు అయ్యగారు," అన్నాడాయన. "మందున్నది, మింగెటోళ్లు ఉన్నరు. మింగెతందుకు జాగ లేదు."

ఆ మాటలు వింటూ గడప దగ్గర కూర్చున్న మా డోలక్ అన్న, పగలు టైలరింగ్ చేసుకునేవాడు, తల ఎత్తకుండానే అన్నాడు. "పాటల ప్రాక్టీసుకు వచ్చెటోళ్లను ఎందుకొస్తున్నవని ఎవడన్న అడుగుతడా?"

సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం మా యూత్ పాటలు నేర్చుకునేది. మందులూ అవే రోజులు. అలా మొదలైంది. దవాఖానలో మాకు కొంత నేర్పారు. మందు పెట్టెలు ఒక్కో రోగికి ఒక్కోటి, పేరు రాసి వచ్చేవి. వాటిని ప్రభు బల్ల గిన్నెలు పెట్టే చెక్క బీరువాలో పెట్టాం. రెండో పాటకూ మూడో పాటకూ మధ్య వాయిద్యాలు ఆపేవాళ్లం. బిందెలో నీళ్లు, గ్లాసులు. మింగేవాళ్లు మింగాక మూడో పాట ఎత్తుకునేవాళ్లం. బయట సందులో పోయేవాళ్లకు పాట ఆగిన సంగతి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

వచ్చినవాళ్లలో అందరూ మా వాళ్లు కారు. బీడీలు చేసే ఒక హిందూ అవ్వ వచ్చేది, కళ్లు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకుని మింగేది. ఆటో నడిపే ఒక ముస్లిం అన్న వచ్చేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. మొదటి రోజు గోడకు ఆనుకుని నిలబడి, "పాట రాకపోతె ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

"నోరు కదుపు భాయ్, చాలు," అన్నాడు డోలక్ అన్న.

నోరు కదపలేదు కాని కంజీర పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి మా అందరికంటే తాళం ఆయనకే బాగా కుదిరింది. "మా ఇంట్ల అడుగుతుంది, క్యా జీ, పాటలోళ్ల దగ్గర నౌకరి దొరికిందా అని," అనేవాడు. గోలీల సంగతి ఇంట్లో చెప్పాడో లేదో మేం అడగలేదు.

ఇక చిన్నమ్మ. నాకు సొంత చిన్నమ్మ కాదు. మా సందులోనే ఉండేది, సంఘంలో చిన్నవాళ్లందరికీ చిన్నమ్మే. పసుపు గోదాములో జల్లెడ పట్టే పని ఆమెది. కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గడ్డలు ఒక దిక్కు, దుమ్ము ఆమె ఊపిరిలోకి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, అప్పుడు పదో తరగతి. ఆ పిల్లది మా పాటల్లో అందరికంటే పై గొంతు. చిన్నమ్మ నెత్తురు కక్కిన రోజు ఆ పిల్లే దవాఖానకు తీసుకుపోయింది.

చిన్నమ్మ నోరు ఊరుకునేది కాదు. ఆ మందు మొదలుపెట్టిన కొత్తలో ఒంటికి పోయే నీళ్లు ఎర్రగా వస్తాయి. ఆ సంగతి మేం ముందే చెప్పినా, మరుసటి ప్రాక్టీసుకు వచ్చి ఆడవాళ్లందరి మధ్యా అంది. "నా కడుపుల పసుపు ఉన్నదే ఉండె, దవాఖానోళ్లు సున్నం గలిపిన్రు. పారాణి తయారైతుంది పిల్లా, పెండ్లి పిల్ల కాళ్లకు పెడదామా?" బీడీల అవ్వ నవ్వు ఆపుకోలేక గోలి గొంతులో అడ్డం పడి ఉక్కిరిబిక్కిరైంది.

రెండు నెలలు మింగింది. దగ్గు పోయింది. ముఖంలోకి మాంసం వచ్చింది. తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదని టీబీ సార్ చెప్పాడు. ఇంకో నాలుగు నెలలు మింగాలని కూడా చెప్పాడు. ఆ రెండు మాటల్లో మొదటిదే మందిరంలోకి వచ్చింది.

అప్పుడు మందిరం వార్షికోత్సవం. స్తంభాలకు కొత్తగా సున్నం వేశారు, ఇంకా పచ్చి ఆరలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ పాస్టరు గారు, "దేవుడు మేలు చేసినవాళ్లు లేచి చెప్పండి," అన్నారు. చిన్నమ్మ స్తంభం పట్టుకుని లేచింది.

"నెత్తురు కక్కిన మనిషిని," అంది. "నా బిడ్డ ఒక్కతైపోతదని ఏడ్సిన. ఇయ్యాల నాకు దగ్గు లేదు. సార్ సూసి క్రిములు లేవన్నడు. నా దేవుడు నన్ను ముట్టిండు."

చప్పట్లు రేకుల కప్పుకు తగిలి తిరిగి మా మీద పడ్డాయి. పాస్టరు గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ వ్యాధి ఈమెను విడిచిపోయిందని చెప్పి స్తోత్రం చేశారు. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చారు. నేను హార్మోనియం మీద స్తుతి పాట ఎత్తుకున్నాను. కూతురు పై గొంతుతో అందుకుంది. మందిరం ఖాళీ అయ్యాక చూస్తే స్తంభం మీద ఎర్రటి చెయ్యి ఉంది. సీజన్‌లో చిన్నమ్మ చేతులు ఎంత కడిగినా పసుపే, సున్నం పచ్చి. మా ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతే. అయినా పాస్టరమ్మ గారు దాన్ని తుడవొద్దన్నారు, ఆ రోజు గుర్తుగా ఉండనీయమన్నారు.

ఆ వారంలోనే చిన్నమ్మ ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టింది. బగారన్నం వండింది. సందులో వాళ్లంతా తిన్నారు.

తర్వాతి సోమవారం గోలీలకు రాలేదు. బుధవారమూ రాలేదు. డోలక్ అన్నా నేనూ ఆమె ఇంటికి పోయాం. వాకిట్లో కూర్చుని కూతురి జడ వేస్తోంది.

"చిన్నమ్మా, గోలీలకు వస్తలేవేంది?" అన్నాను.

"ఇంకేం గోలీలు బిడ్డా? సాక్ష్యం జెప్పిన గద."

"ఇంక శాన నెలలున్నయని సార్ అన్నడు."

"సార్ ఉన్నడా గాడ, నేను నిలవడ్డప్పుడు?" జడ మీది నుంచి కన్ను ఎత్తలేదు. "సంఘమంత సప్పట్లు గొట్టిన్రు. అయ్యగారు నెత్తి మీద చెయ్యి వెట్టి విడిచి పోయిందన్నరు. సాక్ష్యం జెప్పిన నోట్లె గోలి ఎట్లేసుకోవాలె? నా దేవుని మీద నాకే నమ్మకం లేదన్నట్టు గాదా?"

"గా గోలీలు గూడ దేవుడే ఇచ్చిండనుకో చిన్నమ్మా," అన్నాడు డోలక్ అన్న.

"ఇచ్చిండు. పని అయింది. జరం దిగినంక గూడ నెత్తి మీద తడిబట్ట ఏసుకోని తిరుగుతవార?"

మేం పెరిగిన విశ్వాసంలో స్వస్థత అంటే అయిపోయిన పని. సగం అయిన స్వస్థత గురించి మాకెవరూ బోధించలేదు.

టీబీ సార్ స్కూటర్ మీద వచ్చాడు. ఆమె ఆయనకు చాయ్ ఇచ్చి, పసుపు సంచి ఎత్తి చూపించి, "గిట్ల ఎత్తెటోళ్లు రోగమోళ్లా సారూ?" అని నవ్వింది. పాస్టరు గారు కూడా పిలిచి మాట్లాడారు. మందు కూడా దేవుని చెయ్యేనమ్మా, మింగు అన్నారు. ఆమె నెమ్మదిగా అడిగింది, "మీరే అన్నరు గద అయ్యగారూ, విడిచి పోయిందని?" ఆయన తల వంచుకున్నారు. ఆమె దండం పెట్టి వచ్చేసింది. కొన్నాళ్లకు దవాఖానవాళ్లు ఆమె పేరున్న పెట్టెను తీసుకుపోయారు. బీరువాలో గిన్నెల పక్కన ఆ చోటు అలాగే ఉండిపోయింది. అందులో మేం ఇంకేమీ పెట్టలేకపోయాం.

భాయ్ మందు పూర్తి చేశాడు. బీడీల అవ్వ పూర్తి చేసింది. భాయ్ మందు అయిపోయాక కూడా కంజీర కోసం వచ్చేవాడు.

మరుసటి ఏడు పసుపు ఉడకబెట్టే పనికి చిన్నమ్మ కమ్మర్‌పల్లి దిక్కు పోయింది. తిరిగి వచ్చినప్పుడు రవిక భుజాల మీద నిలవడం లేదు. ఊరంతా దగ్గుతోంది కనుక ఆమె కూడా దగ్గింది. గోదాములో దగ్గింది, సందులో దగ్గింది. మందిరంలో మాత్రం దగ్గలేదు.

ఆ ఆదివారాలు నన్ను వదలవు. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, ఎర్ర చెయ్యి ఉన్న స్తంభం కిందే కూర్చునేది. ప్రార్థనలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు కొంగు ముద్ద చేసి నోట్లో కుక్కుకునేది. దగ్గు బయటికి రాదు. వెన్ను మాత్రం ఎగిరిపడేది, మళ్లీ, మళ్లీ, లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు. పక్కన కూతురు కళ్లు మూసుకునే తల్లి వీపు మీద చెయ్యి వేసి ఉంచేది. మాకందరికీ తెలుసు. తెలిసి మేం చేసింది ఏమిటంటే, పాట గట్టిగా పాడాం. నేను హార్మోనియం తిత్తి గట్టిగా కొట్టాను, డోలక్ అన్న చెయ్యి పెంచాడు. ఆమె సాక్ష్యం పోకూడదని సంఘమంతా ప్రేమతో ఆమె దగ్గు మీద పాట కప్పింది. ఆ ప్రేమ నిజమైనది. అందుకే అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

మళ్లీ నెత్తురు పడ్డాక కూతురు ఎవరినీ అడగలేదు, తల్లిని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ఇంజెక్షన్లతో మళ్లీ మందు మొదలుపెట్టారు. మధ్యలో ఆపిన మందు మళ్లీ పట్టడం కష్టమన్నారు. నేను పళ్లు పట్టుకుని పోయాను. చిన్నమ్మ మంచంలో గోడ వైపు తిరిగి ఉంది.

"సంఘంల ఏమనుకుంటున్రు బిడ్డా?"

"ప్రార్థన జేస్తున్నరు చిన్నమ్మా."

"నా సాక్ష్యం అబద్ధమైందా?"

"కాలేదు."

కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "మరి గిదేంది?" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. తొలి వాన పడిన వారంలో ఆమె పోయింది.

సమాధి దగ్గర పాస్టరు గారు వాక్యం చదివారు కాని ప్రసంగం చేయలేకపోయారు. ఆ తర్వాత పాటల ప్రాక్టీసుకు నలుగురం కూడా రాలేదు. రోగులు ఇద్దరు కొత్తవాళ్లు ఉన్నారు, వాళ్లకు నీళ్లు ఇచ్చి గోలీలు ఇచ్చి పంపేవాళ్లం. పాట లేకుండా వట్టి గ్లాసుల చప్పుడు. స్తంభం మీద చెయ్యి ఎరుపు తగ్గి ఇటుక రంగుకు వచ్చింది. డోలక్ అన్న ఒకరోజు దాన్ని చూస్తూ, "బంద్ జేద్దాం. మనతోని గాదు. దవాఖాన పని దవాఖానోళ్లే జేసుకోనియ్," అన్నాడు.

భాయ్ కంజీర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాయించడం లేదు. "ఒక మాట అంటె కోపం జెయ్యొద్దు," అన్నాడు.

"అను భాయ్."

"నేను ఆఖరి గోలి దాక మింగిన. అవ్వ మింగింది. మేం మీకంటె మంచోళ్లం గాదు, భక్తులం గాదు. మమ్ములను లేచి నిలవడుమని ఎవ్వరు అడగలే. గంతే." కంజీర గజ్జెలు ఒక్కసారి మోగి ఆగాయి. "మీరు సప్పట్లు జల్ది గొట్టిన్రు."

బయట ఎవరో పసుపు బస్తాలు దింపుతున్నారు. మా మందిరంలో రోజూ వాక్యం వినే మాకు కనబడనిది, నోరు కూడా కదపకుండా తాళం వేసిన మనిషికి కనబడింది.

తర్వాతి చలికాలంలో పాట నేర్పుతున్నప్పుడు పై గొంతు ఒకటి నడుమ తెగింది. హార్మోనియం ఆపి చూశాను. చిన్నమ్మ కూతురు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను చూడటం చూసి చున్నీ తీసేసి, గొంతు ఎండింది అక్కా, అంది. అప్పటికి ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటూ కాలేజీకి పోతోంది. నేను నీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకున్న తీరు తల్లిదే.

పరీక్షలో టీబీ ఉందని తేలింది. తల్లికి చివర్లో పని చేయని మందు కూతురికి పని చేస్తుందా అని టీబీ సార్‌ను అడిగాను. ఆయన నిజం చెప్పాడు. "తెల్వదమ్మా. మింగి జూడాలె. నడుమల మాత్రం ఒక్కటి గూడ తప్పొద్దు."

ఆ పిల్ల గోలీలకు మందిరానికి రానంది. "మా అమ్మ గాడనే సచ్చింది అక్కా. దవాఖానల గాదు."

"మరి దవాఖానకు పోయి మింగుతవా?"

"లేదు. మందిరంలనే మింగుత. పాటల నడుమ దాసుకోని గాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనల, అందరు సూస్తుంటె మింగుత. నన్ను సాక్ష్యం అడగొద్దు. ఎవ్వరు సప్పట్లు గొట్టొద్దు. గట్లయితెనే."

ఆ మాటనే మేం యూత్‌గా సంఘ పెద్దల ముందు పెట్టాం. మందు మింగుతున్న వాళ్లను ఆఖరి గోలి దాకా సాక్ష్యం అడగకూడదు. బాగుందని ఎవరూ ప్రకటించకూడదు. దాచుకునేవాళ్లు పాటల నడుమ మింగొచ్చు, దాచుకోనివాళ్లు శుక్రవారం గోలీలు సంఘం ముందు మింగొచ్చు. ఒక పెద్దమనిషి గడ్డం రుద్దుకుంటూ అడిగాడు.

"ఉపవాస కూడికల గోలీలా? ఉపాసం ఏమైతది మరి?"

"మింగెటోళ్లకు ఉపాసం లేదు తాతా," అన్నాడు డోలక్ అన్న.

"సాక్ష్యం ఆపుడంటె దేవుని మహిమను ఆపుడు గాదా?"

అప్పటిదాకా మాట్లాడని పాస్టరు గారు తల ఎత్తారు. చిన్నమ్మ పోయాక ఆయన వెంట్రుకలు బాగా నెరిశాయి. బైబిల్లో కుష్ఠుతో వచ్చిన సేనాధిపతి సంగతి అందరికీ తెలిసిందేనన్నారు. నదిలో ఏడు మునకలు వెయ్యమని ప్రవక్త చెప్పించాడు, ఏడోదానితోనే అతను బాగయ్యాడు. "మూడో మునకకు ఒంటి మంట తగ్గిందేమో. మనకు తెల్వదు. ఒడ్డు మీద మనమే ఉంటే ఏం జేద్దుము? రా, బయటికి రా, సాక్ష్యం జెప్పు అందుము." ఆయన స్తంభం మీది ఎర్ర చెయ్యి వైపు చూశారు. "ఆమెను మూడో మునక కాడ ఒడ్డుకు గుంజింది మనం. ఈ పిల్లను నీళ్లల్లనే ఉండనీయున్రి."

పెద్దమనిషి సరేనన్నట్టు తల ఊపాడు.

మొదటి శుక్రవారం ఆ పిల్ల తల్లి కూర్చున్న చోటే కూర్చుంది. ప్రార్థన అయ్యాక లేచి బిందె దగ్గరికి పోయి, గోలీలు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే మింగింది. మందిరం నిండా ఆడవాళ్లు, ఒక్క చప్పుడు లేదు. నీళ్లు గొంతు దిగడం వినబడింది. తిరిగి వచ్చి కూర్చుంది. వెనక నుంచి ఇంకొకామె, ఎన్నో ఏళ్లుగా మా సంఘంలో ఉన్నామె, లేచి వచ్చి తన గోలి కూడా ఇక్కడే ఇవ్వమంది. ఆమెకు టీబీ ఉందని మాకు ఆ రోజే తెలిసింది. అంతవరకూ బయట షాపులో కొన్న గోలీలు ఇంట్లో బియ్యం డబ్బాలో దాచుకుని, గుర్తొచ్చినప్పుడు మింగేదట.

నాకు భయం జబ్బు ఉన్న రోజుల్లో కంటే తగ్గిన రోజుల్లో ఎక్కువైంది. రెండు నెలలకు ఆ పిల్లకు దగ్గు పోయింది. బుగ్గలు వచ్చాయి. తల్లి ముఖంలో వచ్చిన వెలుగే, సరిగ్గా అదే, ఆమె ముఖంలోకి వచ్చింది. తెమడలో క్రిములు లేవని సార్ చెప్పాడు. ఆ శుక్రవారం ఆమె గోలి మింగి తిరిగి వస్తుంటే ఒక ముసలమ్మ సంతోషం పట్టలేక రెండు చేతులు పైకెత్తింది. పిల్ల ఆగి ఆమె వైపు చూసింది. ఆ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మెల్లగా ఒళ్లోకి దిగాయి. ఎత్తి దించిన ఆ రెండు చేతుల కంటే గొప్ప స్తుతి నేను ఆ మందిరంలో చూడలేదు.

తర్వాతి వారాల్లో ఒకసారి ఇంట్లో నాతో అంది, "అక్కా, మంచిగనే ఉన్న గద. ఆపితె ఏమైతది?" నేను చేస్తున్న పని ఆపి ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. ఆ గదిలో మేమిద్దరమే లేమని ఇద్దరికీ అనిపించింది. "ఊకె అన్న," అంది. లేచి చెప్పులేసుకుని ప్రాక్టీసుకు బయలుదేరింది.

ఆఖరి గోలి శుక్రవారమే పడింది. సంగతి అందరికీ తెలుసు. భాయ్ ఆటో సందు మొదట్లో ఆపి, లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. టీబీ సార్ వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. ఆమె మింగింది. గ్లాసు బోర్లించింది. పాస్టరు గారు ఏమీ అడగలేదు. ఆమె స్తంభం దగ్గరికి వచ్చి వెనక్కి చెయ్యి పెట్టి ఆనుకుంది. ఆ ఏడు సున్నం రెండుసార్లు వేసినా ఎర్ర చెయ్యి లోపలి నుంచి లేతగా కనబడుతూనే ఉండేది. ఆమె చెయ్యి దాని మీద పడింది. కావాలని పెట్టిందో లేదో నాకు తెలియదు.

గొంతు సవరించుకుంది. ఆ చిన్న శబ్దానికి మందిరమంతా ఊపిరి బిగబట్టింది.

"గోలీలు అయిపోయినయ్," అంది. "సాక్ష్యం తర్వాత జెప్త."

కూర్చుంది. చప్పట్లు లేవు. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పాట పాడుదాం అన్నారు. నాకు మెట్లు కనబడలేదు. తలుపు దగ్గర నుంచి భాయ్ లోపలికి వచ్చి కంజీర అందుకున్నాడు, ఆ తాళం పట్టుకుని నేను పాటలోకి రాగలిగాను.

ఆ తర్వాత సిరికొండ నుంచీ ఇంకా కొన్ని ఊళ్ల నుంచీ యువకులు మా పద్ధతి చూడటానికి వచ్చారు. కొందరు సంఘాల వాళ్లు, కొందరు భజన మండళ్ల వాళ్లు. పాటల నడుమ మందు ఎలా ఇవ్వాలి, పెట్టెలు ఎక్కడ పెట్టాలి, ఎవరి ఇంటికి ఎవరు పోవాలి అని అడిగేవారు. అన్నీ చెప్పేదాన్ని. చివర వాళ్లను స్తంభం దగ్గరికి తీసుకుపోయి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో అడగండి అనేదాన్ని. వాళ్లకు అర్థం కాక నవ్వేవారు. అప్పుడు చిన్నమ్మ సంగతి చెప్పేదాన్ని. నవ్వు ఆగేది.

ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ముప్కాల్‌లో ఉంటుంది, ఒళ్లు గట్టిగా ఉంది. సాక్ష్యం ఇంకా చెప్పలేదు. నేను మొన్న కలిసినప్పుడు అడగలేదు, ఆమే అంది. "ఇంక కొన్ని దినాలు ఉండనియ్ అక్కా. అమ్మ తొందరవడ్డది. నేను ఆమెకోసం నిదానంగ పోతున్న."

పసుపు నెలలు వస్తే నేను ఇప్పటికీ మందిరంలో మౌన ప్రార్థనలో కళ్లు పూర్తిగా మూయలేను. చుట్టూ దగ్గులు వినబడతాయి. వాటికి నేను భయపడను. వినబడనిదాని కోసం వెతుకుతాను, ఎవరి వెన్ను ఎగిరిపడుతుందో, ఎవరి కొంగు నోట్లో ఉందో. స్తంభం కింద చాప ఖాళీగా ఉన్న రోజు కూడా అక్కడ ఒక వెన్ను కదులుతుంది.

ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలిచినా, చదవడం ఆపి నాతో కలిసి కాసేపు ప్రార్థించండి. బాగుపడిపోయిన వాళ్ల కోసం కాదు. బాగుందనిపించి, మందు ఇంకా మిగిలి ఉన్నవాళ్ల కోసం. వాళ్లను నీళ్లలోనే ఉండనివ్వమని, ఒడ్డు మీద నిలబడిన మన చేతుల్ని ఇంకొంచెం సేపు పట్టుకోమని అడుగుదాం. ఒక తల్లి "మరి గిదేంది?" అని అడిగి వెళ్లింది. ఆ ప్రశ్నను ఆయన పాదాల దగ్గర పెడదాం, జవాబు మనం చెప్పకుండా. ఆమేన్.